పంచాయతీ తీర్మానము: ఊరి చెరువు, ఊరి బీడు, ఊరి నీటి లెక్క

దుక్కి, విత్తనము, ఎరువు, సస్యరక్షణ: ఇవి ఎవరి గట్టు లోపల వారు చేసికొనదగిన పనులు. రైతు సోదరులు వీనిని ఒకరు చెప్పకున్నను సకాలములో చేసికొనుచున్నారు. కాని పొలమునకు నీరిచ్చు చెరువు, గొడ్లు మేయు బీడు, బావిలో ఊరు జల, పూత మీద వాలు తేనెటీగ ఏ ఒక్కరి గట్టు లోపలను ఉండవు. వీనిని కాపాడు పని ఎవరిది? చాల భాగము గ్రామ పంచాయతీదే. ఆ బాధ్యత ఎట్టిదో, పంచాయతీ చేసిన తీర్మానము మినిట్సు పుస్తకములోనే నిలిచిపోకుండుటకు రైతు ఏమి అడుగవలెనో ఈ పాఠములో తెలుపబడినది.

1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో 29 విషయములను పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్నది. వ్యవసాయము, భూసార సంరక్షణ, చిన్ననీటి వనరులు, వాటర్‌షెడ్ అభివృద్ధి, సామాజిక అడవులు అందులోనివే. అయితే షెడ్యూలులో పేరున్నంత మాత్రమున అధికారము, సొమ్ము, సిబ్బంది ఈ మూడును పంచాయతీకి వచ్చినట్లు కాదు. చాలచోట్ల తూము, కట్ట నీటిపారుదల శాఖవి. శిఖము రెవెన్యూ శాఖది. చేపలు మత్స్యకారుల సంఘమువి. కట్ట మీది చెట్లు పంచాయతీవి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చె నను సామెత మన చెరువులకు సరిగా సరిపోవును. ఇందరి నడుమ ఊరివారు మాట్లాడదగిన చోటు ఒక్కటే కలదు. అది గ్రామ సభ.

2002 నాటి జీవవైవిధ్య చట్టము 41వ సెక్షను ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, ఊరిలోని పంటల రకములు, పశువులు, చెట్లు, చేపలు, మూలికలు, వానిని గూర్చి పెద్దలకు తెలిసిన విషయములు ఒక రిజిస్టరులో వ్రాయింపవలెను. వ్యాపారము కొరకు ఊరి హద్దులో మూలికలు, గింజలు సేకరించువారి నుండి రుసుము వసూలు చేయు హక్కు కూడ ఈ కమిటీకి కలదు. చట్టము వచ్చి ఏండ్లు గడచినను పని సాగకపోగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కలుగజేసికొని 2020 జనవరి 31 గడువు పెట్టి, ఆపైన జాప్యము చేసిన రాష్ట్రములకు నెలకు 10 లక్షల రూపాయల చెల్లింపు విధించినది. గడువు దగ్గరపడిన కొలది రిజిస్టర్లు వేగముగా తయారైనవి. వేగముగా వ్రాసిన పుస్తకములో ఏమి ఉండునో రైతులకు చెప్పనక్కరలేదు. మీ ఊరి రిజిస్టరును ఒకసారి తెప్పించి చదివి చూడుడు. మీ తాతగారు వేసిన జొన్న పేరు అందులో ఉన్నదా? మీ చెరువులో దొరకు కొర్రమీను, జెల్ల, మార్పు ఉన్నవా? లేనిచో చేర్పించుట పెద్ద పని కాదు.

దేశము చేసిన వాగ్దానములును ఉన్నవి. 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టార్ల చెడిన భూమిని బాగుచేయుదుమని 2019లో మన ప్రభుత్వము ప్రకటించినది. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరమున జరిగిన సమావేశములో, చెడిపోయిన ప్రకృతి ప్రదేశములలో కనీసము నూటికి 30 వంతులను 2030లోగా పునరుద్ధరణ పనుల క్రిందికి తేవలెనని దేశములు ఒప్పుకొన్నవి. ఇన్ని కోట్ల హెక్టార్లును చివరకు ఏదో ఒక ఊరి సర్వే నంబరులోనే ఉన్నవి.

చెరువు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట వద్ద 1369వ సంవత్సరము నాటి శాసనము కలదు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. మంచి చెరువునకు కావలసిన అంగములతోపాటు, చెరువునకు ఉండరాని ఆరు దోషములను కూడ ఆ శాసనము చెప్పుచున్నది. కట్ట నుండి నీరు కారుట ఒకటి. చౌడు నేల రెండవది. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట మూడవది. చెరువు నడుమ తాబేటి వీపువలె మిట్ట ఉండుట నాల్గవది. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై భూమి తక్కువగుట మిగిలిన రెండు. 650 ఏండ్ల నాటి ఈ జాబితాను చేత పట్టుకొని నేడు మీ చెరువు గట్టు మీద నడచినచో అందులో మూడయినను కనబడును. రెండు రాజ్యముల సరిహద్దు నేడు లేకున్నను, రెండు పంచాయతీల సరిహద్దు ఉన్నది. కట్ట ఒక ఊరిలోను ఆయకట్టు మరియొక ఊరిలోను ఉన్న చెరువును ఎవరును తమదనుకొనరు. అట్టి చోట రెండు పంచాయతీలును ఒకే పాఠముతో తీర్మానము చేయవలెను.

మన కాలములో ఏడవ దోషమొకటి చేరినది. అది వరద కాలువ పూడిపోవుట. చెరువు అనగానే అందరి చూపు పూడికతీత మీదనే ఉండును. 2015లో తెలంగాణమున మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల బాగుచేతకు పూనుకొన్నది. ఒండ్రుమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిరి. ఇది మంచి పనియే. కాని లోతు చేసిన చెరువులోనికి నీరు వచ్చు త్రోవ లేనిచో అది లోతైన గుంట మాత్రమే. వరద కాలువ ఎవరి పొలము ప్రక్కగా పోవుచున్నదో, ఆ రైతు ఏటికొక సాలు చొప్పున లోపలికి దున్నుకొనుచు వచ్చును. పదేండ్లకు పది అడుగుల కాలువ మూడడుగుల బోదె యగును. ఒకరిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఎగువ రైతు దిగువ చెరువు ఎండుటను కన్నులార చూడడు. కాబట్టి పంచాయతీ మొదట కొలిపింపవలసినది చెరువును కాదు, కాలువను. సర్వే పటములో కాలువ వెడల్పు ఎంత, నేడు నేల మీద ఎంత అను రెండు అంకెలను గ్రామ సభలో చదివించుడు. సగము తగాదా అక్కడనే తేలును.

రెండవది హద్దు రాళ్లు. చెరువు నిండి అలుగు పారునపుడు నీరు ఎంతవరకు నిలుచునో అదియే పూర్తి నీటిమట్టపు గీత. వరుసగా నాలుగైదు కరువు సంవత్సరములు వచ్చినచో శిఖములో మొదట జొన్న, తరువాత గుడిసె, అటుపిమ్మట పట్టా మాట వచ్చును. పంజాబులో పాటియాలా జిల్లాకు చెందిన ఒక గ్రామపు చెరువు ఆక్రమణ వ్యాజ్యములో, 2011 జనవరి 28న సుప్రీం కోర్టు, పంచాయతీ భూములలోని అక్రమ ఆక్రమణలను తొలగించి వానిని ఊరి ఉమ్మడికి తిరిగి అప్పగించుటకు పథకములు తయారుచేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. తీర్పు బలము ఉన్నది. కాని హద్దు రాయి లేని చోట తీర్పు ఏ గజము నుండి వర్తించునో ఎవరు చెప్పగలరు? నీరు నిండిన సంవత్సరముననే, నీటి అంచు వెంబడి రాళ్లు పాతించుట ఉత్తమము. ఆ నెలలో వాదము ఉండదు, నీరే సాక్షి.

ఇక ఒండ్రుమట్టి. చెరువు మట్టి ప్రతి పొలమునకును మంచిదను నమ్మకము సరికాదు. బంకమన్ను తక్కువగనుండి నీరు నిలువని ఎర్ర చల్క, ఇసుక నేలలకు ఇది మిక్కిలి మేలు చేయును. తేమ మరి కొన్ని దినములు నిలుచును. నల్లరేగడికి దీనివలన ప్రయోజనము స్వల్పము. తోలుటకు ముందు మట్టిని పరీక్ష చేయించుడు. ఉదజని సూచిక 8.5 మించినను, లవణముల కొలత 4 మించినను ఆ మట్టి పొలమునకు తగదు. ఎకరమున ఒక అంగుళము మందమున పరచుటకు ఇంచుమించు 100 ఘనపు మీటర్ల మట్టి కావలెను. 3 ఘనపు మీటర్లు పట్టు ట్రాక్టరు తొట్టితో ఇది 33 లేక 34 తొట్లు. వేసవిలో తోలి, పరచి, తొలకరి దుక్కిలో కలియదున్నవలెను. త్రవ్వునపుడు కట్ట అడుగును ముట్టరాదు. అడుగున ఉన్న బంకమట్టి పొరను తెగత్రవ్వి ఇసుక బయటపడనిచ్చినచో చెరువులో నీరు నిలువదు. ఇటుక బట్టీలకు మట్టి తోలువారు ఈ నియమములు చూడరు, వారికి కావలసినది ఆ బంకమట్టియే. మట్టి రైతులకేయని తీర్మానములో స్పష్టముగా వ్రాయించుట అవసరము.

నీటి లెక్క

ప్రతి ఊరిలోను పద్దు పుస్తకము ఉన్నది. నీటికి మాత్రము లెక్క లేదు. ఇది ఎంత సులభమో ఒక ఉదాహరణముతో చూతము.

2,000 ఎకరముల విస్తీర్ణము, 2,000 జనాభా గల ఒక ఊరిలో సంవత్సరమునకు 600 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. ఎకరము మీద ఒక మిల్లీమీటరు వాన అనగా ఇంచుమించు 4 ఘనపు మీటర్ల నీరు. కావున ఎకరమునకు 2,400 ఘనపు మీటర్లు పడినవి. మన గ్రానైటు రాతి నేలలలో వాన నీటిలో నూటికి 8 నుండి 11 వంతులు మాత్రమే భూమిలోనికి ఇంకునని అంచనా వేయుట వాడుక. పది వంతులుగా తీసికొన్నచో ఎకరమునకు 240, ఊరు మొత్తమునకు 4 లక్షల 80 వేల ఘనపు మీటర్లు. త్రాగుటకు, ఇంటి వాడుకకు మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున సంవత్సరమునకు 40 వేల ఘనపు మీటర్లు ముందుగా తీసివేయుడు. మిగిలినది 4 లక్షల 40 వేలు. దాళ్వా వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టినచో ఈ నీరు 90 ఎకరములకు చాలును. 500 మిల్లీమీటర్లతో పండు వేరుశెనగకైనచో దాదాపు 220 ఎకరములకు చాలును. చెరువు నుండి ఇంకు నీరు దీనికి అదనము. వరి మడి నుండి కొంత నీరు తిరిగి భూమిలోనికి పోవుటయు నిజమే. గొడ్ల వాడుకను ఇందు చేర్చలేదు. లెక్క స్థూలమైనదే. అయినను, అదే ఊరిలో బోర్ల క్రింద 300 ఎకరముల వరి ఉన్నచో ఆ మిగులు నీరు ఎక్కడిదో ఆలోచింపవలెను. అది నిరుటి నీరు, అంతకు ముందటి నీరు. అది అయిపోయిన పిమ్మట ప్రతి రైతును తన బోరును మరి నూరడుగులు దింపించుచు, ప్రక్కవాని నీటి కొరకు అప్పు చేయుచుండును.

ఈ లెక్కను గ్రామ సభలో కట్టి, దానికి కట్టుబడిన ఊరు మహారాష్ట్రమున అహల్యానగర్ జిల్లాలోని (పూర్వపు అహమద్‌నగర్) హివ్రే బజార్. అక్కడ సాలీనా వాన 400 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. 1989లో పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయిన తరువాత, గుట్టల మీద కందకములు త్రవ్వి, చెట్లు నరుకుట, గొడ్లను విచ్చలవిడిగా మేపుట మాని, సేద్యమునకు బోర్లు వేయరాదనియు, చెరకు, అరటి వంటి ఎక్కువ నీటి పంటలు వేయరాదనియు గ్రామ సభ నిశ్చయించినది. ఏటేట ఆ సంవత్సరపు వానను, బావుల మట్టమును చూచి రబీలో ఏ పంటలకు నీరున్నదో సభలో చెప్పుదురు. 2020లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ ఊరి కథను మెచ్చుకొని ఊరకొనుట కంటె, అక్కడ తీర్మానము చేసినవారే దానివలన కొంత నష్టమును ఒప్పుకొనినవారను సంగతి గమనింపవలెను. చెరకు మానుమని చెప్పినది చెరకు వేయగలవారికే.

మనవారును ఈ పని చేసియున్నారు. 2000 దశకములో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాలలో రైతులే వర్షమాపకమును, బోరు మట్టపు కొలతను పట్టుకొని ఊరి భూగర్భజల లెక్క కట్టిరి. అనంతపురము, మహబూబ్‌నగర్, నల్లగొండ అందులోనివే. నిషేధము లేదు, జరిమానా లేదు. గోడ మీద వ్రాసిన అంకె చూచి, ఏ పంట వేయవలెనో ఎవరికి వారే నిశ్చయించుకొనిరి. బలవంతము లేకున్నను అంకె కొంత పని చేయునని దీనివలన తెలియుచున్నది. చట్టము కూడ ఉన్నదని మరువరాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ప్రకారము ప్రజలు త్రాగునీటికి వాడు వనరునకు 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే బోరు వేయరాదు.

బీడు

బీడు, బంచరాయి, గుట్ట: వీనిని బాగుచేయుట అనగానే మొక్కలు నాటుటగా అర్థము చేసికొనుచున్నారు. నాటిన మొక్కల లెక్క చెప్పుట తేలిక. బ్రతికిన మొక్కల లెక్క ఎవరును అడుగరు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టము నాటిన వానిలో నూటికి 85 వంతులు బ్రతుకవలెనని నియమము పెట్టి సర్పంచిని, కార్యదర్శిని బాధ్యులను చేసినది. నియమము సరియైనదే. కాని దానిని నెరవేర్చు తొందరలో త్వరగా పెరుగు, గొడ్లు ముట్టని మొక్కలను ఎంచుకొను అలవాటు వచ్చినది. కోనోకార్పస్ అట్టిదే. పిట్టకు పండు లేదు, గొడ్డుకు ఆకు లేదు. గుజరాత్ ప్రభుత్వము 2023లో దానిని నాటుట నిషేధించినది. ఊరి బీడునకు వేప, కానుగ, చింత, నేరేడు, ఇప్ప చాలును. ఇవి నిదానముగా పెరుగునను ఆక్షేపణ ఉన్నది. నిజమే, మన పిల్లలును నిదానముగానే పెరుగుచున్నారు.

పచ్చిక బయలును చెట్లతో నింపుట కూడ మేలు కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానమును 1988లో అభయారణ్యముగా ప్రకటించినది బట్టమేక పిట్ట కొరకు. దానికి కావలసినది గడ్డియే, తోపు కాదు. గొఱ్ఱెలకును అంతే.

గుట్టల మీద చాలచోట్ల నాటవలసిన పనియే లేదు. మోదుగ, తంగేడు, రేల మోడులు నేలలో బ్రతికియే ఉండును. గొడ్డలి, మేక రెండు మూడు వానాకాలములు దూరముగా ఉన్నచో అవియే చిగురించును. ఇక్కడనే అసలు చిక్కు వచ్చుచున్నది. బీడును మూసివేయుదుమని సభలో చేయెత్తువారు పొలములున్నవారు. మేక మేపుకొని బ్రతుకువాడు ఆనాడు మేకలతో గుట్ట మీదనే ఉండును, సభకు రాడు. అతనికి చెప్పకుండ వేసిన కంచె ఆర్నెల్లలో విరుగును. విరుగుటలో ఆశ్చర్యము లేదు. అతని కడుపునకు అడ్డముగా వేసిన కంచె అది. కాబట్టి బీడును మూడు భాగములు చేసి ఏ కాలమందైనను ఒక భాగమును మాత్రమే మూయవలెను. మూసిన భాగములో గొడ్డు ప్రవేశింపరాదు గాని, కొడవలితో గడ్డి కోసికొనిపోవు హక్కు మొదట మేకలు, గొఱ్ఱెలు గలవారికే ఉండవలెను. ఏ భాగము ముందు మూయవలెనో వారినే అడుగుడు. గడ్డి ఎక్కడ తిరిగి మొలచునో వారికి తెలిసినంత మన శాస్త్రజ్ఞులకు తెలియదు. అంజన్ గడ్డి విత్తనమును తొలకరికి ముందు చల్లినచో మొదటి సంవత్సరముననే కొంత మేత లభించును. సర్కారు తుమ్మను వేరుతో తీయింపవలెను; పైన నరికినచో గుంపుగా లేచును.

తీర్మానము వ్రాయు విధము

“చెరువును పరిరక్షింపవలెనని, పర్యావరణమును కాపాడవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది” అను వాక్యము వేల మినిట్సు పుస్తకములలో ఉన్నది. ఇందులో ఎవరును చేయవలసిన పని ఒక్కటియు లేదు. అందుచే ఏకగ్రీవమైనది. పనికివచ్చు తీర్మానము ఇట్లుండును:

“ఊర చెరువు వరద కాలువ, గుట్ట క్రింది కల్వర్టు మొదలు చెరువు వరకు, సర్వే పటము ప్రకారము కొలిపించుటకు మండల సర్వేయరునకు నేడే దరఖాస్తు ఇవ్వవలెను. బాధ్యత పంచాయతీ కార్యదర్శిది. కొలతలు జనవరి 26 గ్రామ సభలో చదువవలెను. చెరువు మట్టిని రైతుల పొలములకు తప్ప మరి దేనికిని ఇవ్వరాదు. బడి వద్ద బోరు నీటిమట్టమును ప్రతి నెల మొదటి దినమున కొలిచి పంచాయతీ గోడ మీద వ్రాయవలెను. బాధ్యత మూడవ వార్డు సభ్యునిది. గుట్ట ఉత్తరపు భాగమును మేకల, గొఱ్ఱెల కాపరులతో సంప్రదించిన పిమ్మట మూడు వానాకాలములు మేపుటకు మూసియుంచవలెను. నిరుడు నాటిన మొక్కలలో బ్రతికినవి ఎన్నియో ఆగస్టు 15 సభలో లెక్క చెప్పవలెను.”

చోటు, కొలత, తేది, మనిషి: ఈ నాలుగును ఇందులో ఉన్నవి. ఏకగ్రీవము కాకపోవచ్చును, వరద కాలువ ప్రక్క రైతు లేచి అభ్యంతరము చెప్పును. చెప్పనిండు, అది కూడ మినిట్సులో వ్రాయించుడు.

పంచాయతీ వార్షిక ప్రణాళికల తయారీ ఉద్యమము 2018 నుండి అక్టోబరు 2న మొదలగుట వాడుకగా వచ్చుచున్నది. ప్రణాళికలో పేరు లేని పనికి ఆ సంవత్సరము సొమ్ము దొరకుట కష్టము. కాబట్టి కోరికను సెప్టెంబరులోనే, సర్వే నంబరుతో సహా, పదిమంది రైతుల సంతకములతో కార్యదర్శికి ఇచ్చి, తేది వేసిన రసీదు తీసికొనవలెను. రసీదు ఇచ్చుటకు వెనుకాడినచో స్పీడ్ పోస్టులో పంపుడు. తపాలా కచ్చేరి ఇచ్చు చీటీని భద్రపరచి, జనవరి సభకు వచ్చునపుడు వెంట తెచ్చుకొనుడు.